మైదానంలో కెమెరా సాయం: సభ్యులకు వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం ఎక్కువ శ్రమ పెట్టింది ఆటల పోటీల దగ్గర వేసిన ఉచిత కెమెరా సాయం బల్ల మీదే. తారకరామ స్టేడియంలో పరుగు పందేలప్పుడూ, ఇందిరా మైదానంలో కబడ్డీ అప్పుడూ పిల్లల ఆట తీసుకుందామని వచ్చిన తల్లిదండ్రులే ఎక్కువగా మన దగ్గరికి వచ్చారు. వాళ్ల కెమెరాల్లో నిజంగా చెడిపోయినవి బాగా తక్కువ. అందుకే బాగుచేసే షాపుకు పంపేముందు వరుసగా చూడండి: బ్యాటరీ, కార్డు, లెన్స్ పక్కనున్న ఏఎఫ్–ఎంఎఫ్ మీట (ఫోకస్ కెమెరా చేయాలా, మనం చేత్తో చేయాలా అని మార్చేది). వ్యూఫైండర్‌లో (కన్ను పెట్టి చూసే కిటికీలో) మసక, తీసిన ఫొటో మాత్రం స్పష్టం అంటే, ఆ కిటికీని మన చూపుకు సరిచేసే డయాప్టర్ చక్రం తిరిగిపోయిందన్నమాట. కెమెరాకు ఏమీ కాలేదు.

రాత్రి కబడ్డీలో అందరూ అడిగింది ఒకటే: వరసగా తీస్తే ఒక ఫొటో వెలుగ్గా, ఇంకొకటి చీకటిగా, మధ్యలో అడ్డచారలు ఎందుకని. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని రకాల లైట్లు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతాయి. షట్టర్ 1/1000లో, అంటే సెకనులో వెయ్యో వంతులో పెడితే ఆ వెలుగులో చిన్న ముక్కే ఫొటోకు దక్కుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్ ఆపి మెకానికల్‌కు మార్చి, యాంటీ ఫ్లికర్ (లైటు హెచ్చుతగ్గులకు తగ్గట్టు ఫొటో తీసే సెట్టింగ్) ఆన్ చేయించండి. అది లేని కెమెరాలో 1/100 పెట్టాలి. చారలు పోతాయి గానీ కదలిక చెదురుతుంది. కాబట్టి కూతకు వెళ్లిన ఆటగాడు దూకేటప్పుడు కాకుండా, బోనస్ గీత దగ్గర కాలు చాచి ఒక్క క్షణం నిలిచినప్పుడు నొక్కమని చెప్పండి. పగటి పరుగుకు ఈ చిక్కు లేదు: 1/1000, కంటిన్యువస్ ఫోకస్ (కదిలేవాళ్లను వెంబడించే ఫోకస్) చాలు.

కార్డు విషయంలో మాత్రం తొందర వద్దు. కెమెరా ఫార్మాట్ చేయమని అడిగినా నొక్కనివ్వకండి. ఆఫ్ చేసి కార్డు తీసి, పక్కనున్న లాక్ మీట చూడండి. వదులైన మీట లోపలికి తోసేటప్పుడు కిందికి జారుతుంది, ఫొటోలు తీయనివ్వదు. అయినా చదవకపోతే ఆ కార్డు పక్కన పెట్టించి, మన కార్డు ఇవ్వండి. పాతదాని మీద కొత్త ఫొటోలు పడితే కిందవి ఇక దొరకవు. ఏమీ రాయకుండా ఉంచితే ఇంటికెళ్లాక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో చాలావరకు తీయొచ్చు. బిడ్డ గెలిచిన పందెం మళ్లీ జరగదు కదా.

ఏసీ కారులోంచి దిగగానే లెన్స్ మీద చెమ్మ పడితే తుడుస్తూ కూర్చోవద్దు, లెన్స్ విప్పొద్దు. మూసిన బ్యాగులోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వండి. దుమ్ముకు బ్లోయర్ (నొక్కితే గాలి ఊదే రబ్బరు బుడ్డి) వాడాలి. నోటితో ఊదితే తుంపర్లు పడతాయి.

ఎవరి కెమెరా అయినా అడిగాకే ముట్టుకోండి. వీలైతే మీట వాళ్ల చేతే తిప్పించండి, వాళ్ల ఫొటోలు తిరగేయకండి.

వచ్చే ఏడాదికి బల్ల పెట్టెలో ఉండాల్సినవి: 32 జీబీ కార్డులు, 64 జీబీ వీ30 (వీడియోకు సరిపడా వేగంగా రాసే) కార్డులు, కార్డ్ రీడర్, బ్లోయర్, మైక్రోఫైబర్ గుడ్డలు. పాత కెమెరాలు కొన్ని 32 జీబీ దాటితే తీసుకోవు, అందుకే రెండు రకాలూ కావాలి. ఇంట్లో వాడని కార్డులుంటే ఖాళీ చేసి, పరీక్షించి సంఘానికి ఇవ్వగలరు.