జ్వరం వచ్చిన రాత్రి ఇన్సులిన్ ఆపవద్దని ఊరూరా చెప్పించండి

ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మాయికి 8 ఏళ్లు. ఐదో ఏట టైప్ 1 మధుమేహం, అంటే ఒంట్లో ఇన్సులిన్ తయారు కాని జబ్బు, బయటపడింది. అప్పటినుంచి రోజుకు నాలుగు సూదులు. వాటికి తనూ అలవాటు పడింది, మేమూ అలవాటు పడ్డాం. రోజూ ఉండే ఆ కష్టం చెప్పుకోవడానికి రాయడం లేదు. దాని మీద ఫ్లూ వచ్చి పడితే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలియాలని రాస్తున్నాను.

మొన్న వానాకాలంలో పాప బడి నుంచి దగ్గుతో వచ్చింది. చీకటి పడేసరికి 102 డిగ్రీల జ్వరం. రెండు ముద్దలు కూడా తినలేదు, తాగిన పాలు కక్కేసింది. వైద్యం తెలిసిన మనిషని మా ఊళ్లో పేరున్న ఒకాయన చూసి, "ఏమీ తినని పిల్లకు ఇన్సులిన్ ఇస్తే షుగరు పడిపోతుందమ్మా, ఈ పూటకు ఆపేయండి" అన్నారు. ఆయన మేలు కోరే అన్నారు. వినడానికి సబబుగానే ఉంటుంది కూడా. కానీ మా పిల్లల ప్రాణాల మీదికి తెచ్చేది సరిగ్గా ఆ మాటే.

జ్వరంతో పెనుగులాడే ఒంట్లో కార్టిసాల్, అడ్రినలిన్ వంటి హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయంలో దాచిన చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి, ఇన్సులిన్ పనికి అడ్డం పడతాయి. అందుకే మెతుకు ముట్టకపోయినా షుగరు 300 దాటిపోతుంది. ఇన్సులిన్ చాలకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు పుట్టే కీటోన్లనే ఆమ్లాలు పేరుకుని రక్తం ఆమ్లమవుతుంది. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత... ఇదంతా కొన్ని గంటల్లోనే. తిండి తగ్గినప్పుడు భోజనానికి వేసే మోతాదు మార్చాల్సి రావచ్చు. రోజంతా పనిచేసే ఇన్సులిన్ మాత్రం మానకూడదు.

ఆ రాత్రి రెండు గంటలకు స్టీలు గ్లాసులో పాప మూత్రం పట్టి, కీటోన్ స్ట్రిప్పు ముంచి తీసి, పదిహేను అంకెలు లెక్కపెట్టాను. లేత గులాబీ గడి చూస్తుండగానే వంకాయ రంగుకు తిరిగింది. మా ఆయన సీసా మీది రంగుల వరుస దగ్గర ఫోను వెలుగు పట్టుకుని నిలబడ్డారు. బీరువా తలుపుకు ఒక కాగితం అంటించి ఉంది. పాపను చూసే డాక్టరు గారు తెలుగులో, చేత్తో రాసిచ్చారు. ఏ రంగు వస్తే అదనంగా ఎన్ని యూనిట్లు, షుగరు 70 కిందికి దిగితే ఎంత చక్కెర నీళ్లు, ఏ లక్షణం కనిపిస్తే ఇక ఇంట్లో ఉండకూడదు, అన్నీ మా పాప బరువుకు లెక్కగట్టి రాశారు. కింద ఆయన ఫోను నంబరు. ఫోను చేసి, ఆయన చెప్పిన మోతాదు వేశాను. ఉప్పు వేసిన పలుచని గంజి అయిదేసి నిమిషాలకు ఒక చెంచా చొప్పున తాగించాం. రెండు గంటలకోసారి వేలు పొడిచి షుగరు చూశాం. నాలుగోసారికి తను కళ్లు తెరవకుండానే వేలు చాపింది. తెల్లవారేసరికి వాంతులు ఆగాయి, స్ట్రిప్పు మళ్లీ గులాబీకి వచ్చింది.

మమ్మల్ని గట్టెక్కించింది ఆ కాగితమూ, స్ట్రిప్పుల సీసా. అవి లేని ఇళ్ల కోసమే మిమ్మల్ని అడుగుతున్నాను.

టైప్ 1 మీద భారత వైద్య పరిశోధన మండలి 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో జ్వరం రోజులకు పనికొచ్చే సంగతులు తెలుగులో ఒక పేజీకి కుదించి, ప్రతి పిల్ల ఇంటికీ, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ, ప్రతి ఆశా కార్యకర్తకూ ఇప్పించండి. మొదటి వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండాలి: తినకపోయినా ఇన్సులిన్ ఆపవద్దు. షుగరు తక్కువగా ఉండి కీటోన్లు కనిపిస్తే తీపి నీళ్లూ కావాలి, ఇన్సులినూ కావాలి. చదువుకున్నవాళ్లు కూడా తడబడేది ఇక్కడే, కనుక అదీ రాయించండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి లోతుగా, వేగంగా తీస్తున్నా, పిల్ల మత్తుగా పడి ఉన్నా, రక్తంలో కీటోన్లు లీటరుకు 3 మిల్లీమోల్స్ చేరినా 108ని పిలవాలని రాయించండి.

మేము కొనే షుగరు స్ట్రిప్పు ఒక్కొక్కటి 20 రూపాయలు. రెండు గంటలకోసారి చూస్తే రోజుకు పన్నెండు, అంటే 240 రూపాయలు. కూలికి వెళ్లే తల్లి ఆ రోజు పనికీ వెళ్లలేదు. ఆమె స్ట్రిప్పు మిగుల్చుకోవాలని చూస్తే తప్పుపట్టగలమా? కేరళలో ఈ పిల్లల కోసం ప్రభుత్వమే 'మిఠాయి' అనే పథకం నడుపుతోంది. మన పిల్లలకూ ఇన్సులిన్‌తోపాటు షుగరు, కీటోన్ స్ట్రిప్పులు ఉచితంగా అందించండి.

ఫ్లూ టీకా సంగతి కూడా. ఆరు నెలలు నిండిన మధుమేహ పిల్లలకు ఏటా ఆ టీకా వేయించమని పిల్లల మధుమేహ నిపుణులు చెబుతారు. మన సార్వత్రిక టీకా కార్యక్రమంలో అది లేదు, బయట కొనుక్కోవాలి. కనీసం ఈ పిల్లలకైనా వానలు మొదలయ్యేలోపు ప్రభుత్వమే వేయించాలి.

మా కాగితం నకలు ఈ లేఖకు జతచేశాను. డాక్టరు గారి నంబరు ఉన్న చోటు మాత్రం ఖాళీగా వదిలాను. రాత్రి రెండు గంటలకు ఫోను చేస్తే టైప్ 1 తెలిసిన డాక్టరు పలికే నంబరు, అది 104 అయినా సరే, అక్కడ రాయించండి.

ఇట్లు,
ఒక తల్లి