చిత్తు కాగితం కూడా పంపించండి

తల్లిదండ్రులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో చూసింది ఏదైనా రెండు పేజీలు రాసుకుని రమ్మని తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాం. తిరుపతిలో మే నెలంటే చెప్పేదేముంది, చాలా కాగితాలు గంగమ్మ జాతర మీదే వచ్చాయి. జాతరలో భక్తులు రోజుకో వేషం కడతారు, ఎదురొచ్చినవాళ్లను తిట్టడం కూడా మొక్కే. దిద్దుతుంటే తెలుగు మాస్టారికి అనుమానం వచ్చింది. ఎవరి కాగితం తీసినా 'భక్తిశ్రద్ధలతో', 'అంగరంగ వైభవంగా', 'సంప్రదాయానికి ప్రతీక'. అడిగితే పిల్లలు దాచలేదు. ముందు తామే రాసి, తర్వాత అడిగింది రాసిపెట్టే చాట్‌బాట్‌కి, అంటే చాట్‌జీపీటీకో జెమినైకో ఇచ్చి 'ఇంకా బాగా రాసిపెట్టు' అన్నారట.

ఒక అబ్బాయి చిత్తు కాగితం తెప్పించుకుని చూశాను. 'తోటి వేషం రోజు మా మామ నా ఒళ్లంతా బొగ్గు పూసి, చేతికి వేపాకు ఇచ్చాడు. దారిలో ఎవర్ని తిట్టినా ఏమీ అనలేదు. మా హిందీ టీచరు ఎదురొస్తే మాత్రం నోరు పెగల్లేదు.' ఒత్తులు, దీర్ఘాలు తప్పులే. చాట్‌బాట్ దిద్దిన కాపీలో ఒక్క తప్పూ లేదు. బొగ్గూ లేదు, మామా లేడు, హిందీ టీచరూ లేరు. 'భక్తులు వివిధ వేషధారణలతో అమ్మవారిని దర్శించుకుని తరించారు' అని ఉంది. మాస్టారు చిత్తు కాగితానికే మార్కులు వేశారు. నేనైనా అదే చేసేదాన్ని.

ఈ చాట్‌బాట్లు లెక్కలేనన్ని రాతలు చూసి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకున్నాయి. బాగా రాయమంటే అందరూ రాసేదే రాస్తాయి. తెలియనిచోట ధీమాగా కల్పిస్తాయి కూడా. జాతరలో మొదటిది బైరాగి వేషం. ఇంకో కాగితంలో మాతంగి వేషం దానికంటే ముందొచ్చింది! ఇంట్లో అవ్వకు చదివి వినిపించి ఉంటే అక్కడే పట్టేసేది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి దీన్ని బడిలో నిషేధించమని కొందరు అడుగుతున్నారు. నాకది సరైన దారి అనిపించదు. ఇంట్లో తప్పులు చూసిపెట్టేవాళ్లు లేని పిల్లలకు ఇది నిజంగా పనికొస్తుంది, ముఖ్యంగా ఇంగ్లీషులో. అడిగే తీరు మారితే చాలు. 'నా వాక్యాలు మార్చొద్దు. తప్పున్న చోటు చూపించు, ఎందుకు తప్పో చెప్పు' అని అడగమనండి. 'చదివేవాళ్లకు ఎక్కడ అర్థం కాదు?' అని అడిగినా మంచిదే. దిద్దుకోవడం మాత్రం పిల్లల చేత్తోనే జరగాలి. తెలుగులో అది సరైన మాటను కూడా ఒక్కోసారి తప్పంటుంది, కాబట్టి అనుమానమొస్తే మాస్టారిని అడగాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, ఇంటి సంగతులు అందులో టైప్ చేయనివ్వకండి. చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారం 13 ఏళ్లు నిండాలి, 18 లోపు వాళ్లకు మీ అనుమతి ఉండాలి.

యంత్రం రాసిందో కాదో కనిపెట్టే సాఫ్ట్‌వేర్ కొనమని ఒకరు సలహా ఇచ్చారు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ తాను పెట్టిన అలాంటి పరికరాన్నే సరిగ్గా పట్టడం లేదని 2023 జులైలో ఆపేసింది. దాన్ని నమ్మి పిల్లల మీద నింద వేయలేం. అందుకే ఇకనుంచి ప్రతి వ్యాసంతో పాటు కొట్టివేతలతో సహా చిత్తు కాగితం తీసుకుంటాం, రాసిన దాని గురించి నాలుగు మాటలు అడుగుతాం.

స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లవాళ్లు దీనికోసం టెన్షన్ పడి ఫోన్ కొనొద్దు. బడి అయ్యాక తెలుగు, ఇంగ్లీషు టీచర్లు కాసేపు ఉంటారు, చిత్తు కాగితం తీసుకుని నేరుగా వాళ్ల దగ్గరికే రమ్మనండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు