బెజవాడ ఊళ్లోకి రాకుండా కృష్ణ దాటే సైకిల్ దారి ఇవ్వండి

గౌరవనీయ ఆంధ్రప్రదేశ్ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

మాది ఏలూరు. పన్నెండేళ్లుగా సైకిల్ మీద దూర ప్రయాణాలు చేస్తున్నాను. వెనక చక్రానికి అటూ ఇటూ రెండు సంచులు, వాటిలో రెండు జతల బట్టలు, ఒక దుప్పటి, పంక్చర్ సామాను. ఇంతే మా సరంజామా. గోదావరి జిల్లాల నుంచి బాపట్ల, చీరాల, ఒంగోలు వైపు సైకిల్ మీద దిగే ప్రతివాడికీ బయల్దేరే ముందు ఉండే టెన్షన్ ఒక్కటే. ఎండ కాదు, ఎదురుగాలి కాదు. బెజవాడ ఎలా దాటాలి?

మ్యాపు చూస్తే తేలికే. పదహారో నంబరు జాతీయ రహదారి పట్టుకుని గన్నవరం, ఎనికేపాడు, రామవరప్పాడు రింగు, బెంజి సర్కిల్, ఆపైన కనకదుర్గ వారధి. అటు పక్క తాడేపల్లి. కానీ బెంజి సర్కిల్ దగ్గర చెన్నై–కోల్‌కతా రోడ్డూ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రోడ్డూ కలుస్తాయి. పైన ఫ్లైఓవర్ వచ్చాక కార్లకు సుఖమైంది, సంతోషమే. కింద సర్వీసు రోడ్డులో ఆటోలు, సిటీ బస్సులు, పక్క వీధుల్లోంచి దూసుకొచ్చే బైకుల మధ్య సైకిల్‌కి మిగిలేది కాలవ అంచున జానెడు జాగా.

మూడేళ్ల కిందట తెల్లవారుజామున ఐదున్నరకి నేనూ నా స్నేహితుడూ అక్కడికి వచ్చాం. ట్రాఫిక్ లేని వేళ చూసుకుని దాటేద్దామనే ఆ టైముకి వచ్చాం. ఒక ప్రైవేటు బస్సు ప్యాసింజరు కోసం ఉన్నట్టుండి ఎడమకి కోసింది. స్నేహితుడి హ్యాండిల్ బస్సు పక్క రేకుకి తగిలింది. మనిషి కింద పడ్డాడు, మణికట్టు విరిగింది. రోడ్డు మీద కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అతను అడిగిన మొదటి మాట: "సైకిల్ బాగానే ఉందా?" ఆ తర్వాత అతను ఏలూరు దాటి సైకిల్ తొక్కలేదు. వాళ్లావిడ ఒప్పుకోలేదు. ఆవిడ తప్పేమీ లేదు.

పడమటి బైపాస్ ఉంది కదా అని మీ ఇంజినీర్లు అనొచ్చు. చిన్న అవుటుపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దాకా వేసిన ఆరు వరసల రోడ్డది. ఊరికి దాంతో ఎంతో మేలు, కాదనను. కానీ అది లారీల కోసం, కార్ల కోసం వేసింది. వంద మీద వచ్చే బండి పక్కన పదిహేను మీద పోయే సైకిల్ ఉండకూడదు. పైగా మా ఏలూరు వైపు నుంచి వచ్చేవాడు ఆ బైపాస్ ఎక్కాలంటే ముందు చాలా దూరం అదే జాతీయ రహదారి మీద లారీల పక్కనే తొక్కాలి.

నేను అడిగేది ఇంకో దారి. అది కొత్తగా వెయ్యాల్సిన పని లేదు. దాదాపు అంతా ఇప్పటికే ఉంది.

ఏలూరు నుంచి కొల్లేటి మధ్యగా కైకలూరు. అక్కడి నుంచి మండవల్లి, ముదినేపల్లి, గుడివాడ, పామర్రు. పామర్రు దగ్గర దక్షిణానికి తిరిగితే కూచిపూడి, చల్లపల్లి, మోపిదేవి. పులిగడ్డ దగ్గర కృష్ణ మీద వంతెన. అవతలి గట్టున పెనుమూడి, రేపల్లె, ఆపైన బాపట్ల, చీరాల. బెజవాడ మీదుగా పోయేదానికన్నా దూరం ఎక్కువే. ఎక్కువైతే ఏం, సైకిల్ మీద పోయేవాడికి దూరంతో పేచీ లేదు, భయంతోనే పేచీ. ఈ దారిని నేను నాలుగుసార్లు తొక్కాను. రెండు రోజులు పడుతుంది.

శీతాకాలంలో తెల్లవారే వేళకి కొల్లేటి రోడ్డు మీద ఉండాలండీ. రెండు పక్కలా చేపల చెరువులు, వాటి మీద పొగమంచు, కైకలూరు పక్కన ఆటపాకలో గూడబాతులు. సైకిల్ చప్పుడు చెయ్యదు కాబట్టి అవి లేచిపోవు. ఆ చోట కొత్త రోడ్డు వెయ్యమని అడగను, అడగకూడదు కూడా. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో ఉంది. ఉన్న రోడ్డు అంచులు సరిచేసి, బోర్డులు పెడితే చాలు.

కైకలూరు దాటాక ఇబ్బంది మొదలవుతుంది. పామర్రు దాకా 165వ నంబరు జాతీయ రహదారే దిక్కు. చేపల లారీల నుంచి కారే నీళ్లతో రోడ్డు జారుతుంది, తారు అంచు తెగినచోట చక్రం దిగితే మనిషి పడతాడు. కానీ అదే ప్రాంతంలో పోల్‌రాజ్ కాలువ గట్టు ఉంది. చల్లపల్లి వైపు కేఈబీ (కృష్ణ తూర్పు గట్టు) కాలువ గట్టు ఉంది. డెల్టాలో కాలువ లేని ఊరు ఏది? కాలువ ఉన్నచోట గట్టు ఉంటుంది, గట్టు మీద దారి ఉంటుంది.

ఈ గట్లు మొదటి నుంచీ దారులే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు పొలాలకి నీళ్లివ్వడంతో పాటు పడవలు నడవడానికీ పనికొచ్చాయి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ పడవని తాళ్లతో లాగేవాళ్లు. మా తాతగారు చిన్నతనంలో చూసిన దృశ్యమది. కాకినాడ కాలువ, ఏలూరు కాలువ, దుగ్గిరాల నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలువ, ఆపైన బకింగ్‌హామ్ కాలువ. వీటన్నిటినీ కలిపి 2008లో నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. పడవల సంగతి ఎప్పటికి తేలుతుందో గానీ, ఒకప్పుడు పడవ లాగినవాడు నడిచిన గట్టు మీద ఇవాళ సైకిల్ నడవొచ్చు. జర్మనీలో, ఫ్రాన్సులో నదుల, కాలువల వెంట ఇలాంటి గట్లనే సైకిల్ దారులు చేసుకున్నారు. ఊరూరా చిన్న బోర్డు, దాని మీద సైకిల్ బొమ్మ, ఒక నంబరు.

మన గట్ల మీద ఇప్పుడున్న అడ్డంకి సర్కారు తుమ్మ. ఒకసారి నాలుగు కిలోమీటర్లలో మూడు పంక్చర్లు పడ్డాయి నాకు. మూడోది వేసేసరికి ప్యాచీలు అయిపోయాయి, ఎడ్లకి మేత వేస్తున్న ఒకాయన తన సైకిల్ కోసం దాచుకున్న ముక్క తెచ్చి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. తుమ్మ కొట్టి, రెండు మీటర్ల వెడల్పున గ్రావెల్ పరిచి చదును చేస్తే చాలు. గట్టుని మూసెయ్యమని మాత్రం అనట్లేదు. రైతు ట్రాక్టరు దాని మీదే పోవాలి. సైకిల్ బరువుకి గట్టు కుంగదు.

రేపల్లె వైపు 216వ నంబరు రహదారి మెరుగ్గానే ఉంది. రెండు వరసలు, అంచున తారు వేసిన పట్టీ. ప్రమాణం ప్రకారం ఆ పట్టీ మీటరున్నర ఉండాలి, సైకిల్‌కి అంతకన్నా ఏం కావాలి? కానీ కోతలైన నెలల్లో ఆ పట్టీ నిండా ధాన్యం ఆరబోసి ఉంటుంది, చుట్టూ రాళ్లు పేర్చి ఉంటాయి. మేం లారీల వరసలోకి దిగక తప్పదు. ఒక పొద్దున రోడ్డు మీద వడ్లు కాళ్లతో చాళ్లు తీస్తున్న ఒకామె మమ్మల్ని చూసి, "ఆగండి బాబూ, లారీ వస్తోంది" అని అరిచి, చీపురుతో వడ్లు పక్కకి తోసి మాకు దారిచ్చింది. లారీ పోయాక మళ్లీ పరుచుకుంది. రైతుని అక్కడి నుంచి తరిమెయ్యమని నేను ఎన్నటికీ అడగను. ఊరికో సిమెంటు కల్లం కట్టించండి. వాళ్ల ధాన్యమూ బాగుంటుంది, మా ప్రాణమూ బాగుంటుంది.

ఈ దారి మాబోటి యాత్రికులకే అనుకోకండి. ఆ రోడ్ల మీద నాకు ఎక్కువగా ఎదురయ్యేది పాల క్యాన్లు కట్టుకున్న రైతులు, చెరువుల మీద పనికి పోయే కూలీలు, బడికి పోయే ఆడపిల్లలు. 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వమే ఆడపిల్లలకు సైకిళ్లిచ్చింది. సైకిల్ ఇచ్చాం, తొక్కడానికి చోటు ఇచ్చామా? మాకు వేసే ప్రతి మీటరూ ముందు వాళ్లకి పనికొస్తుంది.

దూరం నుంచి వచ్చేవాళ్లకి దారిలో చూపించడానికి మనకేం తక్కువ? కూచిపూడి రోడ్డు మీదే ఉంది. చల్లపల్లి పక్కన ఘంటసాల, రేపల్లె పక్కన భట్టిప్రోలు, రెండూ బౌద్ధ స్తూపాలున్న ఊళ్లు. రాత్రి పడుకోవడానికి మీ శాఖ అతిథి గృహాల్లో ఒక గది అద్దెకిచ్చి, ఆ సంగతి బోర్డు మీద రాయండి. ఆడవాళ్లు ఈ దారిన రావాలంటే పాతిక కిలోమీటర్లకోసారి శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. మాతో రావాలనుకుని ఆగిపోయిన ఆడవాళ్లు చెప్పిన కారణాల్లో మొదటిది ఇదే.

రోడ్లు మీ శాఖవి, కాలువ గట్లు జలవనరుల శాఖవి, కొల్లేరు అటవీ శాఖది. జాతీయ రహదారుల విషయంలో కేంద్రం ఉంది. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి పోతే ఇంకో ఆఫీసు చూపిస్తారు. అందుకే ఈ ఉత్తరం బహిరంగంగా రాస్తున్నాను. వీళ్లందర్నీ ఒకసారి ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే అధికారం మీకుంది. అమరావతి చుట్టూ సుమారు 190 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు రాబోతోంది. దానికి రెండు పక్కలా సర్వీసు రోడ్డు ఎక్కడా తెగకుండా, కృష్ణ మీద వంతెనల మీద కూడా సైకిల్‌కి విడిగా చోటుండేలా ఇప్పుడే డ్రాయింగులో పెట్టించండి. కట్టేశాక అడిగితే ఇక కుదరదు.

సంక్రాంతి వెళ్లాక వచ్చే ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి ఏలూరు పాత బస్టాండు దగ్గర నుంచి మేం ఆరుగురం బయల్దేరుతున్నాం, రెండోరోజు సాయంత్రానికి బాపట్ల. మీ శాఖ నుంచి ఒక ఇంజినీరు గారిని మాతో పంపండి. సైకిల్ మేమే ఇస్తాం, ఆయన వేగంతోనే మేమూ తొక్కుతాం. అంచు ఎక్కడ తెగిందో, బోర్డు ఎక్కడ పెట్టాలో, గట్టు ఎక్కడ ఎక్కాలో దారిలోనే రాసుకోవచ్చు. మణికట్టు విరిగిన నా స్నేహితుడు కూడా వస్తానన్నాడు. ఈ దారి అయితే పొమ్మంది వాళ్లావిడ.

ఇట్లు,
ఏలూరు నుంచి ఒక సైకిల్ యాత్రికుడు