మెత్తల పెట్టెలో చల్లటి డ్రింకులు: ఎలా అమర్చుకోవాలి

అందరికీ నమస్కారం. పెరట్లో మెత్తలు, సామాన్లు దాచుకునే ప్లాస్టిక్ పెట్టె ఎండాకాలం పార్టీలకి చల్లటి డ్రింకుల పెట్టెగా బాగా పనికొస్తుంది. పురుగుమందో, పెయింటో ఉంచిన పెట్టె అయితే మాత్రం ఆ ఆలోచనే వద్దు, ఎంత కడిగినా నమ్మలేం.

ఐసు నేరుగా పెట్టెలో పోయకండి. పలకలు బిగించి చేసినవి కాబట్టి వానని ఆపుతాయేమో గానీ, లోపలి నీళ్లు అతుకుల్లోంచి కారిపోతాయి. అడుగున, చుట్టూ 25 మి.మీ. థర్మోకోల్ షీట్లు పేర్చి, మధ్యలో 40 లీటర్ల టబ్బు దించండి. మూత లోపలివైపు కూడా ఒక షీటు అంటించాలి. చాలామంది వదిలేసేది ఇదే.

ఇక ఐసు. అరలీటరు సీసాలు 20 అనుకుందాం. వాటిని 30 డిగ్రీల నుంచి 5కి దించడానికే 3 కిలోల పైన కరిగిపోతుంది. బయటి వేడి, మాటిమాటికీ మూత తీయడం కలిపితే 6 కిలోలు ఉండాలి. ముందురోజే ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలైతే సగం చాలు. ఐసు వేశాక 3 లీటర్ల నీళ్లు పోయండి. గడ్డల మధ్య గాలి ఉంటే సీసాలు చల్లబడటానికి చాలాసేపు పడుతుంది, నీళ్లుంటే త్వరగా అవుతుంది. గ్లాసుల్లో వేసుకునే ఐసు వేరే డబ్బాలో ఉంచాలి, ఇందులోది వాడొద్దు.

మూత మీద గ్లాసులు, ప్లేట్లు సర్దకండి, తీసిన ప్రతిసారీ అన్నీ దించాలి. బరువు ఎంత మోస్తుందో కంపెనీ రాసి ఉంటే తప్ప కూర్చోవద్దు. పెట్టెని ముందే నీడలో పెట్టుకుని తర్వాత నింపండి, నిండాక 20 కిలోలకి తగ్గదు.