వాననీరు, మట్టి కోత నియంత్రణపై పురపాలక కమిషనర్ గారికి బహిరంగ లేఖ

కమిషనర్ గారికి నమస్కారం.

కొత్త లేఅవుట్లకు, భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు సెట్‌బ్యాక్‌ను (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలాన్ని), ఎత్తును మీ సిబ్బంది టేపు పట్టి మరీ కొలుస్తారు గానీ, ఆ స్థలంలో పడిన వాన ఎటు పోతుందని మాత్రం అడగరు. ఎకరం నేలపై 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 2 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. గడ్డీ చెట్లూ ఉన్న నేల అందులో చాలా భాగాన్ని ఇంకించుకుంటుంది. దానినే కాంక్రీటుతో కప్పేస్తే దాదాపు అంతా పల్లంలో ఉన్నవారి వీధుల్లోకి వస్తుంది.

అంతకన్నా తక్కువగా చర్చకు వచ్చేది, పని సాగుతుండగా కొట్టుకొచ్చే మట్టి. పైపొర గీకేసి నెలల తరబడి వదిలేసిన నేలపై గట్టి వాన పడితే, ఇసుక దగ్గరి కాలువలోనే మేట వేస్తుంది, సన్నని బంకమట్టి చెరువు దాకా పోయి రోజుల తరబడి నీటిలో తేలుతూనే ఉంటుంది. ఆ పూడికతీత ఖర్చు బిల్డరుది కాక పన్ను కట్టేవారిది కావడం ఏ న్యాయమో మీరే చెప్పాలి.

కాబట్టి తవ్వకానికి ముందే మట్టి కోత నివారణ ప్రణాళికను తప్పనిసరి చేయండి. స్థలాన్నంతా ఒకేసారి గీకకుండా దశలవారీగా తవ్వాలి. పల్లపు అంచున మట్టిని ఆపే తెరలు, మడ్డి దిగే గుంట ఉండాలి. పని ఆగిన చోట నేలను ఎండుగడ్డితోనైనా కప్పాలి. నిర్మాణం తర్వాత బయటికి పోయే నీటి ఉధృతి మునుపటిని మించకూడదు. ముందుగా డిపాజిట్ తీసుకుని, నేలపై పచ్చిక నిలిచాకే తిరిగి ఇవ్వండి. తనిఖీలు వాన వెలిసిన మరునాడే జరగాలి, ఎండాకాలపు తనిఖీ కాగితాల కోసమే.

వచ్చే వర్షాకాలానికి ముందే ముసాయిదా నిబంధనలను ప్రజాభిప్రాయానికి ఉంచాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు