బిడ్డతో స్కూబా నేర్చుకునే చోటు గురించి, దోస్తుకు

హనుమకొండ

దోస్త్,

పాపకు స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్ తగిలించుకుని నీళ్ల కింద ఈదడం, నేర్పించాలనుకుంటున్నాం, ఎక్కడికి తీసుకుపోతే మంచిది అని అడిగావు. వాట్సాప్‌లో రెండు ముక్కలు కొట్టి ఊరుకోవడానికి మనసొప్పలేదు. పోయిన వేసవిలో మా బిడ్డతో కలిసి నేర్చుకున్నప్పటి నుంచి ఈ సంగతి ఎవరితోనైనా తీరిగ్గా చెప్పుకోవాలని ఉంది. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది, చాయ్ దగ్గర పెట్టుకుని చదువు.

చేపలు బాగా కనపడే చోటు ఏది అని అడిగావు. మనం పెద్దవాళ్లమే వెళ్తే ఆ ప్రశ్న సరిపోతుంది. పదేళ్ల పిల్లను తీసుకుపోయేటప్పుడు మాత్రం తొందరపెట్టని చోటు ఏది అని వెతకాలి. నీళ్ల కింద పిల్ల భయపడితే అరవలేదు, ‘నాన్నా’ అని పిలవలేదు. కళ్లతో, చేతులతోనే చెప్పాలి. దాన్ని గమనించేంత తీరిక నేర్పే మనిషికి ఉండాలి. పడవలో ఇంకా పదిమంది తమ వంతు కోసం కూర్చుని ఉంటే ఆ తీరిక ఎక్కడి నుంచి వస్తుంది?

మీ మానేరు డ్యాంలోనో, మా లక్నవరంలోనో ఎందుకు నేర్పరు అన్నావు. నాకూ ఆ కోరిక ఉంది. కాకతీయులు ఇన్ని చెరువులు కట్టించిన నేల మనది. కానీ మన చెరువుల అడుగున మెత్తటి ఒండ్రు ఉంటుంది. ఒక్కసారి కాలు ఆడిస్తే నీళ్లన్నీ మసకబారి, చాచిన చెయ్యి కూడా కనపడదు. పైగా చేపల వలలు, మునిగిపోయిన మొద్దులు. కొత్తగా నేర్చుకునే పిల్లకు టీచర్ ముఖం కనపడకపోతే ఇక ధైర్యం ఎలా వస్తుంది? అందుకని మన చెరువులను పడవ షికారుకే ఉంచుదాం.

మన ఈత గుర్తుందా? నడుముకు ఎండిన ఆనిగెపు బుర్రలు కట్టి మీ బాపు మనల్ని వ్యవసాయ బావిలోకి తోసేవాడు. ముక్కు మూసుకుని, ఊపిరి బిగబట్టి దూకేవాళ్లం. అలా మనకు ఈత వచ్చింది. స్కూబాలో సరిగ్గా దానికి ఎదురు. ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదన్నది అక్కడ మొదటి నియమం. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీద ఉన్నదానికి రెట్టింపు. ఆ లోతులో సిలిండర్ నుంచి పీల్చిన గాలిని ఊపిరితిత్తుల్లో బంధించి పైకి వస్తే, వచ్చేకొద్దీ ఆ గాలి ఉబ్బుతుంది, ఊపిరితిత్తులు చిరిగే ప్రమాదం ఉంది. లోతు తక్కువైనా ఈ ప్రమాదం తప్పదు. భయపడ్డ పిల్ల ముందు చేసే పని ఊపిరి బిగబట్టి పైకి లేవడమే. కాబట్టి తోసి నేర్పించే విద్య కాదిది. నిమ్మళంగా ఉన్న పిల్లకే ఇది వస్తుంది. నేను ప్రశాంతమైన చోటు అని ఇంతగా పట్టుబట్టేది అందుకే.

వయసు సంగతి చెప్తాను. ప్యాడి అనే డైవింగ్ శిక్షణ సంస్థ పద్ధతిని మన దేశంలో చాలామంది పాటిస్తారు. ఎనిమిదేళ్లు నిండితే స్విమ్మింగ్ పూల్ లాంటి చోట రెండు మీటర్ల లోతు వరకు నీళ్ల కింద ఊపిరి పీల్చే అనుభవం ఇస్తారు. పదేళ్లు నిండితే సర్టిఫికెట్ ఇచ్చే మొదటి కోర్సు, జూనియర్ ఓపెన్ వాటర్. పది, పదకొండేళ్ల పిల్లలకు 12 మీటర్లే హద్దు. సర్టిఫికెట్ వచ్చాక కూడా తల్లో తండ్రో గార్డియనో సర్టిఫికెట్ ఉన్న డైవర్ అయి తోడు రావాలి, లేదంటే ఇన్‌స్ట్రక్టర్ లాంటి ప్రొఫెషనల్ ఉండాలి. అందుకే ఒడ్డున కూర్చుని ఫోటోలు తీసే ఆలోచన మానుకుని నువ్వూ నేర్చుకో. మా బిడ్డకు మాస్క్‌లోకి నీళ్లు వదిలి మళ్లీ ముక్కుతో ఊది ఖాళీ చేసే పాఠం కష్టమైంది. పక్కన నేను కూడా అదే పాఠంతో అవస్థ పడుతుంటే చూసి దానికి ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను.

ఇక చోట్లు. విశాఖ మనకు దగ్గర, వరంగల్‌లో రైలెక్కితే దిగేది అక్కడే. కానీ అక్కడ అలల ఉధృతి ఎక్కువ, నీళ్లు చాలా రోజులు మసకగా ఉంటాయి. పెద్దవాళ్లు ప్రయత్నించొచ్చు. గోవాలో గ్రాండ్ ఐలాండ్ వైపు, మహారాష్ట్రలో మాల్వన్ దగ్గర సెలవుల్లో పడవలు నిండా జనమే. ఒకరు పైకి రాగానే ఇంకొకరు దిగుతారు. కర్ణాటకలో మురుడేశ్వర్ నుంచి వెళ్లే నేత్రాణి దీవి దగ్గర నీళ్లు బాగుంటాయి, కాకపోతే గంటకు పైగా పడవ ప్రయాణం. బస్సులోనే వాంతులు చేసుకునే పిల్ల అయితే నీళ్లలోకి దిగేసరికే నీరసించిపోతుంది. పుదుచ్చేరి కూడా అంతే, పడవ మీద సముద్రంలోకి వెళ్లి లోతైన చోట దిగాలి.

మేము అండమాన్ వెళ్లాం. ఖర్చు ఎక్కువే, దాచను. శంషాబాద్ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు విమానం, అక్కడి నుంచి హేవ్‌లాక్‌కు ఓడ. పోర్ట్‌బ్లెయిర్‌ను ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, హేవ్‌లాక్‌కు 2018లో స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. టికెట్లు చూసేటప్పుడు రెండు పేర్లూ కనపడతాయి, తికమక పడకు. హేవ్‌లాక్‌లో రెండో నంబర్ బీచ్ దగ్గర నీమో రీఫ్ అని పగడపు దిబ్బ ఉంది. అక్కడ పడవ అక్కర్లేదు. ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగొచ్చు, కింద ఇసుక, లోతు నెమ్మదిగా పెరుగుతుంది. పిల్లకు నడుము లోతులో నిలబడి ఇక చాలు అనే వీలుంటుంది. అది పెద్ద సంగతి. పొద్దున పూట అక్కడ కూడా జనం ఉంటారు కాబట్టి వాళ్లు తగ్గే వేళ ఏదో అడిగి పెట్టుకోవాలి. ఇంకా నిశ్శబ్దం కావాలంటే నీల్ దీవి, చిన్న ఊరు, పొలాల మధ్య రోడ్లు. ఒకటి మాత్రం మరవకు: అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. హెచ్చరిక బోర్డు ఉన్న తీరాల్లో, మడ అడవులు, వాగులు సముద్రంలో కలిసే చోట్ల పిల్లను కాలు కూడా పెట్టనివ్వకు.

కానీ ఊరి పేరు కంటే మనిషి ముఖ్యం. నేను చాలా చోట్లకు ఫోన్ చేశాను. ఒకతను పాప వయసు కూడా అడగకుండా ‘ఏం పర్లేదు సార్, వీడియో ఫ్రీ’ అన్నాడు. అక్కడే ఆపేశాను. మేము చివరికి వెళ్లిన చోట నేర్పే టీచర్, ఒకామె, ముందు అడిగింది, పాపకు నేర్చుకోవాలని ఉందా, మీకు ఉందా అని. ఆ ఒక్క ప్రశ్నతో నాకు నమ్మకం కుదిరింది. నువ్వూ ఫోన్ చేసి అడుగు: ఒక టీచర్ దగ్గర ఎంతమంది, ఇద్దరికి మించితే వద్దను. పిల్లల కొలతకు మాస్క్, కాళ్లకు తొడిగే ఫిన్స్, చలి ఆపే వెట్‌సూట్, చిన్న సిలిండర్ ఉన్నాయా? ఎమర్జెన్సీ ఆక్సిజన్ పెట్టుకుంటారా, ఒత్తిడి మార్పుతో డైవర్‌కు జబ్బు చేస్తే చికిత్స చేసే రీకంప్రెషన్ చాంబర్ ఎక్కడ దగ్గర? అన్నిటికంటే ముఖ్యంగా, మధ్యలో పిల్ల వద్దంటే ఏం చేస్తారు, డబ్బుల సంగతేంటి అని అడుగు. డబ్బులు పోతాయంటే మన నోట్లోంచే ‘ఇంకొక్కసారి చూడు బిడ్డా’ అనే మాట వస్తుంది. వద్దన్న పిల్లను బతిమాలడం కూడా తొయ్యడమే. వేరే రోజుకు మారుస్తాం, లేదా దిగని పాఠానికి డబ్బులు తీసుకోం అని చెప్పిన వాళ్ల దగ్గరికే వెళ్లు, రెండు వేలు ఎక్కువైనా సరే.

చెవుల గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం వృథా. కిందికి దిగేటప్పుడు మొదటి కొన్ని మీటర్లలోనే చెవి మీద ఒత్తిడి మార్పు ఎక్కువ. ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు సమం చేసుకోవాలి, నొప్పి మొదలయ్యాక కాదు, ముందే, మాటిమాటికీ. పిల్లల్లో చెవికీ గొంతుకూ మధ్య గొట్టం సన్నగా ఉంటుంది కాబట్టి ఇంకా నెమ్మది కావాలి. మా బిడ్డ కొంచెం దిగగానే చెవి చూపించి చెయ్యి అటూఇటూ ఊపింది. టీచర్ దాన్ని ఒక అర మీటరు పైకి తెచ్చి, ఎదురుగా మోకాళ్ల మీద ఉన్నట్టు ఆగి, కదలకుండా ఎదురుచూసింది. ఎంతసేపో నాకు తెలియదు, నా గుండె కొట్టుకోవడం మాత్రం వినపడింది. మళ్లీ ప్రయత్నించింది, మళ్లీ ఆగింది. మూడు మీటర్లు దాటకుండానే ఆ పూట పాఠం అయిపోయింది. పైకి వచ్చాక ఆమె ఒక్క మాట కూడా నిరుత్సాహంగా అనలేదు. మర్నాడు అదే పిల్ల కింద ఇసుకలో కూర్చుని, పువ్వులా ఊగే ఎనిమోన్ అనే సముద్రజీవి మధ్య దాక్కున్న నారింజ రంగు చేపను నాకు వేలితో చూపించింది. ఆ చేపను నేను టీవీలో ఎన్నోసార్లు చూశాను, కానీ నా బిడ్డ చూపిస్తే చూడటం వేరు.

ఇంటి దగ్గరే చేసుకోవాల్సిన పని చాలా ఉంది. ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించు. పాపకు చిన్నప్పుడు ఆయాసం ఉండేదన్నావు, అది డాక్టర్‌కు తప్పకుండా చెప్పు. డైవింగ్ వాళ్లు ఇచ్చే ఆరోగ్య ఫారంలో దాన్ని దాచొద్దు. డాక్టర్ వద్దంటే ఆ మాటే ఆఖరు, గొట్టంతో ఊపిరి పీల్చుకుంటూ నీళ్ల పైనే తేలే స్నార్కెలింగ్‌తో సంతోషపడదాం. అక్కడ ఉండగా జలుబు చేసినా ఆ రోజు దిగకూడదు. ఈత సంగతికొస్తే కోర్సులో 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు తేలాలి. టైమ్ లిమిట్ ఏమీ లేదు. 25 మీటర్ల పూల్ అయితే ఎనిమిది సార్లు. రోజూ సాయంత్రం కరీంనగర్‌లో పూల్‌కు తీసుకుపో, మాస్క్ పెట్టి నోటితోనే ఊపిరి పీల్చడం అలవాటు చెయ్. సైగలు కూడా ఇంట్లో ఆడుకోండి. బొటనవేలు పైకెత్తితే మనకు ‘బాగుంది’, నీళ్ల కింద దానర్థం ‘పైకి పోదాం’. పిల్లలు అలవాటుగా అదే చూపిస్తారు. బాగున్నానని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

ఇంకో దారి ఉంది. హైదరాబాద్‌లో పాఠాలు, పూల్ శిక్షణ పూర్తిచేసి, అవి అయ్యాయన్న కాగితం తీసుకుంటే, ఏడాది లోపు సముద్రం దగ్గర మిగతా నాలుగు డైవ్‌లు చేయొచ్చు. పిల్లకు పూల్‌లో నేల కనపడుతుంది కాబట్టి భయం తక్కువ. దీవిలో దొరికే రోజులు కూడా హాయిగా గడుస్తాయి. నేను మళ్లీ చేస్తే ఇదే చేస్తాను.

ఎప్పుడు అంటావా. దసరా సెలవుల్లో బతుకమ్మ వదిలి మీ ఇంట్లో ఎవరూ కదలరు, మా చెల్లె అసలే ఒప్పుకోదు. డిసెంబర్ చివర, సంక్రాంతికి జనం ఎక్కువ. వేసవి సెలవులు మొదలయ్యే ఏప్రిల్ ఆఖరి వారం నాకు నచ్చింది, సముద్రం నిలకడగా ఉంటుంది. మే మూడో వారంకల్లా అక్కడ రుతుపవనాలు అందుకుంటాయి, దానికి ముందే తిరిగి రండి. చివరి డైవ్ తర్వాత 18 గంటలు విమానం ఎక్కకూడదు, ఒంట్లో చేరిన నైట్రోజన్ బయటికి పోవాలి. అందుకని తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా పెట్టుకో, ఆ రోజు పాపతో ఊరికే ఒడ్డున నడువు.

డాక్టర్ ఏమన్నాడో రాయి. సరేనంటే, మేము వెళ్లిన చోటి నంబర్ ఇస్తాను. ఏప్రిల్‌కైతే జనవరిలోనే మాట్లాడాలి, ఆ టీచర్ ఒక వారానికి ఎక్కువమందిని తీసుకోదు.

నీ
దోస్తు