పోజ్నాన్ నుంచి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కారములు. నేను క్షేమం.

ఇక్కడ పోలండ్‌లో, పోజ్నాన్ కోట ముందర, జర్మన్ల రహస్యలిపిని ఛేదించిన ముగ్గురి జ్ఞాపకంగా నిలిపిన మూడు పలకల కంచు స్తంభం గురించి వివరంగా రాయమన్నారు. ఒక్కో పలక మీద అంకెల వరుసల నడుమ ఒక్కో పేరు ఉంటుంది: రెయెవ్‌స్కీ, రుజిత్‌స్కీ, జిగాల్‌స్కీ. ముగ్గురూ ఇక్కడి విశ్వవిద్యాలయంలోనే గణితం చదివారు. మరియన్ రెయెవ్‌స్కీ సంగతి మీకు ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఆయన చివరికి చేసింది మీలాగే లెక్కలు చూసే ఉద్యోగమే.

ఆయన 1905లో బిద్గోష్చ్‌లో పుట్టారు. ఈ ప్రాంతం 1918 దాకా జర్మనీ పాలనలో ఉండటం వల్ల జర్మన్ వచ్చిన విద్యార్థులు ఇక్కడ దొరుకుతారని, 1929లో పోలండ్ సైన్యం వారికి గూఢలిపి పాఠాలు రహస్యంగా చెప్పించింది. 1932 చివర వార్సాలో ఆయనకు అప్పగించిన పని జర్మన్ సైన్యం సందేశాలను రహస్యలిపిలోకి మార్చే ఎనిగ్మా యంత్రం. ఆ రోజుల్లో జర్మన్లు ప్రతి సందేశానికీ, యంత్రపు చక్రాలను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే మూడక్షరాల తాళాన్ని రెండుసార్లు కొట్టేవారు కాబట్టి మొదటి అక్షరం, నాలుగో అక్షరం ఒకే అక్షరానికి మారురూపాలు. ఒక సందేశంలో మొదటిది ఏ, నాలుగోది డి, ఇంకొకదానిలో మొదటిది డి, నాలుగోది కె అయితే ఏ, డి, కె అని గొలుసు సాగుతుంది. యంత్రం ముందున్న ప్లగ్గుల బోర్డు అక్షరాలను తారుమారు చేసినా గొలుసుల పొడవులను మార్చలేదు. ఇంటర్‌లో మేము లెక్కించడానికి మాత్రమే నేర్చుకున్న ప్రస్తారాలతో, ఫ్రెంచివారు సంపాదించి ఇచ్చిన రెండు నెలల రోజువారీ యంత్ర అమరికల పట్టికల సాయంతో, ఆయన చక్రాల లోపలి తీగల అమరికను కాగితం మీదే రాబట్టారు. మీటల నుంచి చక్రాలకు తీగలు ఏ వరుసలో వెళ్తాయో తెలియక కొంతకాలం ఆగిపోయి, చివరకు మామూలు అక్షరక్రమమే అయి ఉంటుందని ఊహించారు. అదే నిజమైంది. ట్రయల్ బ్యాలెన్స్ కుదరనప్పుడు మీరు ముందుగా కూడికలే మళ్లీ చూసేవారు కదా!

1939 జూలైలో పోలండ్ ఈ రహస్యాన్ని బ్రిటన్‌కు, ఫ్రాన్స్‌కు అప్పగించింది. యుద్ధంలో ఫ్రాన్స్‌ను, ఆపై స్పెయిన్ జైళ్లను దాటి 1943లో ఆయన ఇంగ్లండు చేరితే, ఎనిగ్మా పని మాత్రం ఆయనకు ఇవ్వలేదు. నాకు అన్నిటికన్నా కష్టంగా తోచేది ఇదే. 1946లో భార్యాబిడ్డల దగ్గరకు తిరిగి వచ్చారు, మరుసటి ఏడాదే కొడుకు పోలియోతో పోయాడు. ఆ తర్వాత బిద్గోష్చ్‌లో సంస్థల లెక్కలు చూస్తూ 1967లో పదవీ విరమణ చేశారు. తాను చేసిన పని 1970లలో గాని లోకానికి తెలియలేదు. 1980లో వార్సాలో కన్నుమూశారు.

వచ్చే నెల బిద్గోష్చ్ వెళ్తున్నాను. అక్కడ బల్ల మీద కూర్చున్న ఆయన విగ్రహం ఉంది, ఫొటో పంపుతాను.

ఇట్లు,
మీ అమ్మాయి